భద్రముగా దాచితిమి

సోదరీమణులారా, ఇంటిలోని వస్తువులు పోవుటకు దొంగలే కారణమని పురుషులు తలంతురు. అందుచేతనే తాళములు, గొళ్లెములు, వీధిగుమ్మము కడ కెమేరాలు అమర్చుచుందురు. మా యనుభవమున దొంగలవలన పోయినవి ఒక ఇత్తడి చెంబు, రెండు జతల చెప్పులు మాత్రమే. తక్కినవన్నియు భద్రముగా దాచుటవలన పోయినవే. తలుపుమీద నిర్లక్ష్యముగా వ్రేలాడవేసిన చీర ఎన్నడును పోదు. బల్లమీద పడవైచిన చిల్లర ఎన్నడును పోదు. "ఇది విలువగలది, జాగ్రత్త" యని తలచి, నాలుగు వైపుల చూచి, ఎవ్వరును చూడలేదని రూఢి చేసికొని, ఒకచోట నుంచితిమా, అంతటితో దానికిని మనకును ఋణము తీరినట్లే. దొంగ వచ్చినను అతనికి దొరకదు, మనకును దొరకదు. ఇంత పక్షపాతములేని దాపఱికము మఱియొకటి లేదు.

మా యింట దినచర్య సుప్రభాతముతో గాక "ఏదీ?" యను ప్రశ్నతో ఆరంభమగును. "నా కళ్లజోడేదీ?" అని మా వారు, "నా రెండో మేజోడేదీ?" అని చిన్నవాడు, "నా ఛార్జరేదీ?" అని అమ్మాయి, "నా పళ్లసెట్టేదే అమ్మాయీ?" అని అత్తగారు. మేము పొయ్యిమీది పాలపై చూపు మరల్పకయే, "మీ నుదుటిమీద, మంచము క్రింద, తమ్ముని గదిలో, నీళ్లగిన్నెలో" అని నాలుగు దిక్కులకు నాలుగు సమాధానములు విసరుదుము. చెప్పినచోటనే దొరకును. దొరకినందుకు సంతోషము లేదు గాని, "అక్కడెవరు పెట్టారు?" అను రెండవ ప్రశ్న మాత్రము సిద్ధముగా నుండును. పెట్టినవారెవ్వరును లేరు. మా యింటి వస్తువులు స్వయముగా నడచి పోవును.

సెల్‌ఫోను వచ్చిన పిదప ఈ బాధ తగ్గునని ఆశించితిమి. అది పోయినచో వేఱొక ఫోనుతో పిలిచి కనుగొనవచ్చును గదా! ఒకనాడు మా ఫోను కనబడక మా వారి ఫోనుతో పిలువగా వంటింటిలోని శీతలపేటికనుండి సన్నని సంగీతము వినవచ్చినది. తలుపు తెఱచిచూడగా కరివేపాకు సంచి మ్రోగుచున్నది. అంగడినుండి తెచ్చిన సంచిలో ఫోను వైచి, సంచిని యథాస్థానమున నుంచినవారము మేమే. ఆ దినము మొదలు మా యింట ఎవ్వరైనను ఫోను కనబడలేదన్నచో, "మొదట కరివేపాకును అడుగు" మనుట పరిపాటియైనది.

ఇట్టి సమయములందు మాకు ధైర్యము నిచ్చునది వేదాద్రి. మా మెట్టినిల్లు నందిగామ వైపు మెట్టప్రాంతము. జగ్గయ్యపేటకు సమీపమున కృష్ణానదీతీరమందు వేదాద్రి యోగానంద లక్ష్మీనరసింహస్వామివారు వేంచేసియున్నారు. ఆ స్థలపురాణమును తెలిసినవారు ఏ వస్తువును పోగొట్టుకొన్నను సిగ్గుపడ నక్కఱలేదు. ఏమనగా, పూర్వము బ్రహ్మదేవుడంతవాడు వేదములను పోగొట్టుకొనెను! సోమకాసురుడు వానిని అపహరించి సముద్రగర్భమున దాచెనట. అప్పుడు శ్రీమహావిష్ణువు మత్స్యావతారమెత్తి, అసురుని సంహరించి, వేదములను వెదకి తెచ్చి యిచ్చెను. ఆ వేదములు తమపై స్వామి నివసింపవలెనని కోరి పర్వతరూపము దాల్చినవని, అందుచేతనే ఈ కొండకు వేదాద్రియను పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. నది గర్భమున సాలగ్రామ నరసింహుడు, కొండపై జ్వాలా నరసింహుడు, ఋష్యశృంగ మహర్షి ప్రతిష్ఠించెనని చెప్పబడు యోగానంద నరసింహుడు, లక్ష్మీ నరసింహుడు, వీర నరసింహుడు అని ఇచ్చట స్వామి అయిదు రూపములలో కొలువబడుచున్నాడు.

ఈ కథను మేము పెక్కుసార్లు విన్నను, మా మనస్సునకు తట్టిన సంశయము ఒకటే. వేదములు పోయినప్పుడు బ్రహ్మదేవుడు కూడ "ఏదీ?" యనియే యడిగి యుండును గదా! నాలుగు ముఖములు, ఎనిమిది కన్నులు గల గృహస్థునకే వస్తువు కనబడనప్పుడు, రెండు కన్నులు, అందును కళ్లజోడు నుదుటిమీద నుంచుకొన్న మా వారిని ఏమనగలము? వెదకి తెచ్చు మత్స్యావతారము మాత్రము ప్రతి యింటను ఒకటి ఉండవలసినదే. అది ఎవరో సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక శాస్త్రజ్ఞు లేమందురో చూతము. మనము "మఱచితి" మనుకొనునవి పెక్కు వాస్తవముగా మఱచినవి కావట. మనస్సు ఆ క్షణమున వేఱొకచోట నుండుటచే అసలు నమోదే కాలేదట. తాళపుచెవిని బల్లపై పెట్టునప్పుడు మన చింత కుక్కరు ఈలపై నున్నచో, తాళపుచెవి సంగతి మనస్సులోనికి ప్రవేశింపనే లేదు. ప్రవేశింపనిది తిరిగి వచ్చుటెట్లు? జర్మనీ దేశీయుడైన ఎబ్బింగ్‌హౌస్ అను పండితుడు అర్థములేని అక్షరములను తానే వల్లించి, తానే మఱచుచు, ఆ మఱపును కొలిచి 1885లో గ్రంథము ప్రకటించెను. నేర్చినదానిలో సగమునకు పైగా ఒక గంటలోనే జాఱిపోయినదని ఆయన లెక్క. మా చిన్నవాడు ఈ సంగతి విన్నది మొదలు ఎక్కాలు వల్లించుట మానివేసినాడు. అయితే మరల మరల వల్లించినచో మఱపు నెమ్మదించునని అదే గ్రంథములో నున్నదని చెప్పగా ముఖము ముడుచుకొన్నాడు.

వంటింటిలోనికి వడివడిగా పోయి, గడప దాటినంతనే "ఏమిటికి వచ్చితిమి?" అని నిలువబడిపోవుట మీకు అనుభవమే గదా! అమెరికాలోని నాటర్‌డామ్ విశ్వవిద్యాలయమున రాడ్వాన్‌స్కీ అను ఆచార్యుడు, ఆయన సహచరులు ద్వారము దాటుటవలననే మఱపు కలుగునని 2011లో ప్రకటించిరి. గది మాఱగానే మనస్సు పాత ప్రకరణమును ముగించి క్రొత్త ప్రకరణము తెఱచునట. ఆపై 2021లో ఆస్ట్రేలియాలో జరిగిన పరీక్షలందు, మనస్సు పెక్కు పనులతో క్రిక్కిఱిసి యున్నప్పుడే ఈ ద్వారదోషము స్పష్టముగా కనబడినదని తేలినది. ఒకేసారి పొయ్యిమీది పప్పు, పిల్లల బడివేళ, నీళ్ల మోటారు, పాలవాని లెక్క, పండుగకు రాబోవు చుట్టములు అను అయిదు విషయములను మోయుచు గడప దాటు గృహిణి ఏది మఱచినను అది ఆమె తప్పు గాదని శాస్త్రమే తీర్పు చెప్పినట్లయినది. ఈ తీర్పును మేము మా వారికి రెండుసార్లు వినిపించితిమి. రెండు సార్లును ఆయన మఱచిరి.

మఱపునకు మన పెద్దలు కనిపెట్టిన మందులును కలవు. పోయిన వస్తువు దొరకుటకు కార్తవీర్యార్జునుని స్మరించుట మన దేశమున చిరకాలాచారము. జపాను రాజధానియైన టోక్యోలో పోలీసువారు దొరకిన వస్తువులను స్వీకరించి సొంతదారులకు అప్పగించు ఏర్పాటు చేసిరి. 2023లో వారికి చేరిన వస్తువులు 40 లక్షలు దాటినవట. అక్కడ కార్తవీర్యార్జునుడు పోలీసు దుస్తులు ధరించియుండునేమో! ఇక జ్ఞాపకమునకు మన స్త్రీల సొంత సాధనము కొంగుముడి. చెప్పవలసిన సంగతికి ఒక ముడి, తేవలసిన సరకునకు ఒక ముడి. మా అత్తగారి కొంగున ఎల్లప్పుడును మూడు ముడులకు తక్కువ యుండవు. చిక్కెల్ల ఏమనగా, ముడి దేనికి వేసితిరో జ్ఞాపకముంచుకొనుటకు మఱియొక ముడి కావలసివచ్చును. "అమ్మాయీ, ఈ ముడి ఎందుకు వేశానే?" అని మమ్మే అడుగుదురు.

మా అత్తగారి వయస్సు డెబ్బదియెనిమిది. మమ్ము పిలుచునప్పుడు మొదట పెద్ద ఆడుబిడ్డ పేరు, తరువాత చిన్న ఆడుబిడ్డ పేరు, ఆపై మనుమరాలి పేరు చెప్పి, తుదకు మా పేరునకు వచ్చుదురు. ఒకనాడు నడుమ పాడిగేదె పేరు కూడ దొరలినది. మేము కొంత చిన్నబుచ్చుకొంటిమి. కాని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు 2016లో ప్రకటించిన పరిశోధన చదివిన తరువాత మా కోపము చల్లాఱినది. కుటుంబములోనివారిని ఒకరి పేరుతో ఒకరిని పిలుచుట లోకములో సర్వత్ర సామాన్యమట. మనస్సు మన వారినందఱిని ఒకే అఱలో నుంచుటచే చేయి ప్రక్కదానిమీద పడునట. పెంపుడు కుక్క పేరు కూడ ఆ అఱలోనే చేరుననియు, పిల్లి పేరు మాత్రము చేరదనియు వారు కనుగొనిరి. గేదె సంగతి వారు పరిశోధింపలేదు. ఏమైనను, గేదె పేరుతో పిలువబడుట మనము ఆ కుటుంబమునకు చెందితిమనుటకు సాక్ష్యము. కాపురమునకు వచ్చిన క్రొత్తలో అత్తగారు మమ్ము తప్పు లేకుండ మా పేరుతోనే పిలిచెడివారు. ఇప్పుడే మేము నిజముగా ఆ యింటివారమైతిమి.

ఇంతవరకు నవ్వులాటగా వ్రాసితిమి. కాని గత శీతకాలమునుండి అత్తగారి మఱపు మాకు నవ్వు తెప్పించుట మానినది. ఒకే ప్రశ్నను గడియకు నాలుగుసార్లు అడుగసాగిరి. చారులో ఉప్పు రెండుసార్లు పడినది. మా వారు పైకి ఏమియు ననక రాత్రి ఆలోచనలో పడుచుండిరి. ఆల్జైమర్ అను జర్మను వైద్యుడు 1901లో ఒక స్త్రీని పరీక్షించి, 1906లో లోకమునకు తెలిపిన మతిమఱపు వ్యాధి సంగతి నేడు వినని యిల్లు లేదు. ప్రపంచారోగ్యసంస్థ లెక్క ప్రకారము 2021లో ఇట్టి మతిక్షీణ వ్యాధులతో బాధపడువారు 5 కోట్ల 70 లక్షలు. మన దేశమున అఱువదియేండ్లు నిండినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షలమంది, ఇట్టివారని 2023లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. ఇట్టివారికి జరుగు పరిచర్యలో నూటికి డెబ్బది పాళ్లు స్త్రీలే చేయుచున్నారని ఆ సంస్థయే చెప్పినది. మత్స్యావతారము మాటను మేము ఊరక అనలేదు.

కావున మాఘమాసములో అత్తగారిని వైద్యుని కడకు గొనిపోతిమి. యువకుడైన ఆ వైద్యుడు 1975లో అమెరికాలో కూర్పబడిన ముప్పది మార్కుల జ్ఞాపకపరీక్ష నారంభించెను. "అమ్మా, ఈ రోజు తేదీ ఎంత?" "మాఘ శుద్ధ దశమి నాయనా. సాయంత్రం దాటితే ఏకాదశి." వైద్యుడు కలము పట్టుకొని మా వైపు చూచెను. మేము మా వారి వైపు చూచితిమి. మా వారు గోడమీది క్యాలెండరు వైపు చూచిరి. అందు దశమి యనియే యున్నది. "మనం ఏ జిల్లాలో ఉన్నాం?" "కృష్ణాజిల్లా." "కాదమ్మా, ఎన్టీఆర్ జిల్లా." నిజమే, 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి మా ప్రాంతము ఆ పేరు గల జిల్లాలో చేరినది. అత్తగారు శాంతముగా, "నేను కదల్లేదు నాయనా, జిల్లాయే కదిలింది. మార్కు దానికి తగ్గించు" అనిరి.

"నూటిలోనుంచి ఏడు తీసివేస్తూ చెప్పండి" అని అడుగగా, "దేనికి ఏడు? నూరు రూపాయల కాగితమిచ్చి ఏడు రూపాయల సరుకు కొన్నట్టా?" అని సందేహము తీర్చుకొని, తొంబదిమూడు, ఎనుబదియాఱు, డెబ్బదితొమ్మిది, డెబ్బదిరెండు, అఱువదియైదు అని తడబడక అప్పగించిరి. పాలలెక్క నలుబదియేండ్లు నడపిన చేయి అది. కడపట వైద్యుడు మొదట చెప్పిన మూడు మాటలను తిరిగి చెప్పుమనగా రెండు మాత్రమే చెప్పగలిగిరి. మూడవది రాలేదు. ఆమె ముఖము చిన్నబోయినది. ఇంటికి వచ్చుచు ఆ మూడవ మాట ఏమని మేము తలచుకొనగా మాకును రాలేదు. మా వారికిని రాలేదు.

వైద్యుడు రక్తపరీక్షలు చేయించి చెప్పిన మాటలు సోదరీమణులకు ఉపయోగించునని వ్రాయుచున్నాము. తాళపుచెవి ఎక్కడ పెట్టితిమో మఱచుట సామాన్యము; తాళపుచెవి దేనికి పనికివచ్చునో మఱచినచో ఆలస్యము చేయరాదు. చిరకాలము నడచిన దారి తప్పుట, నిత్యము చేయు వంట చేయు క్రమము మఱచుట, స్వభావము మాఱుట మొదలగునవి హెచ్చరికలు. అయితే ప్రతి మతిమఱపును ఆ వ్యాధియే కాదు. బి12 అను విటమిను కొఱత, థైరాయిడు గ్రంథి మందగించుట, మనోవ్యాకులము, కొన్ని మందుల ప్రభావము, చెవి మందగించుట అను వానివలనను మఱపు కలుగును. వీనిలో పెక్కింటికి చికిత్స కలదు. మా అత్తగారికి బి12 తక్కువగ నున్నది, చెవియు మందగించినది. సగము సంగతులు ఆమె మఱచుట లేదు, అసలు వినుటయే లేదు! మందు వ్రాసి, ఆఱు మాసముల పిమ్మట మరల చూపుమని చెప్పి పంపెను.

ఇంతలో ముడుపు కథ ఆరంభమైనది. రెండేండ్ల క్రిందట మా చిన్నవానికి డెంగ్యూ జ్వరము వచ్చి ప్రాణమునకు భయమైన రాత్రి, అత్తగారు పసుపుగుడ్డలో పదునొకండు రూపాయలు మూటగట్టి వేదాద్రి స్వామికి మ్రొక్కుకొనిరి. పిల్లవాడు కోలుకొనెను. ముడుపు చెల్లింపవలసిన ప్రయాణము ఒక కారణమున గాకున్న మఱియొక కారణమున వాయిదాపడుచు వచ్చినది. ఈ ఫాల్గుణమున పోవుదమని నిశ్చయించి చూడగా దేవుని గూటిలో ముడుపు లేదు!

"సున్నాల నాడు తీసి నీ చేతికిచ్చాను అమ్మాయీ" అని అత్తగారనిరి.

"లేదు అత్తయ్యగారూ, మీరెక్కడో దాచి ఉంటారు" అని మేమంటిమి.

ఇల్లంతయు వెదకితిమి. బియ్యపు డబ్బాలో ఒక వెండి కుంకుమభరిణ దొరకినది; అయిదేండ్ల క్రిందట దానికై పనిమనిషిని అనుమానించినవారము. పరుపు క్రింద మూడు కరెంటు బిల్లులు, అల్మారా మీద మా వారి రెండు కళ్లజోళ్లు, పాత ట్రంకుపెట్టెలో మా పెండ్లినాటి పసుపుకొమ్ము దొరకినవి. ముడుపు మాత్రము దొరకలేదు. అత్తగారు దినమునకు పదిసార్లు "నీకిచ్చాను" అనుచునే యుండిరి. మేము మొదట నవ్వి, పిమ్మట విసిగి, తుదకు ఒకనాడు, "మీకు గుర్తుండటం లేదని డాక్టరుగారే చెప్పారు గదా!" అని యంటిమి. ఆమె మరల ఆ మాట యెత్తలేదు. కొంగుముడులన్నియు విప్పివైచి ఊరకుండిరి. ఆ మౌనము ఇంటిలో చారులోని రెండవ ఉప్పువలె మిగిలినది.

వేఱొక పసుపుగుడ్డలో క్రొత్త ముడుపు కట్టుకొని ప్రయాణమైతిమి. 2025 ఆగస్టు 15వ తేదీనుండి మన రాష్ట్రములో ఆర్టీసీ బస్సులందు స్త్రీలకు టిక్కెట్టు వెల లేదు గదా! ఆధారు కార్డు చూపి కూర్చుంటిమి. అత్తగారు కండక్టరును పిలిచి రూపాయలు తీసిరి. "వద్దమ్మా, ఉచితం" అని అతడు వెడలెను. రెండవసారియు పిలిచిరి. మూడవసారి మేము, "ఇందాకే చెప్పారు గదా అత్తయ్యగారూ!" యనగా, "మఱచిపోలేదే. మ్రొక్కుబడికి పోతూ ఊరికే ఎక్కితే పుణ్యం బస్సుకు పోతుందేమోనని" అనిరి. కండక్టరు నవ్వి, "అయితే ఆ రూపాయలు హుండీలో నా పేరు చెప్పి వేయండమ్మా" యని తీర్పు చెప్పెను.

చిల్లకల్లు కడ దిగి ఆటో యెక్కితిమి. మిరపపంట చేతికివచ్చిన దినములు. దారి కిరుప్రక్కల కల్లములలో ఎఱ్ఱని తివాచీలు పఱచినట్లు మిరపకాయలు ఎండుచున్నవి. గాలి వీచినంతనే ఆటోలోని వారందఱును ఒకరి వెంట నొకరు తుమ్మనారంభించిరి. డ్రైవరు తుమ్మినప్పుడెల్ల ఆటోయు ప్రక్కకు తుమ్మినది. శుభకార్యమునకు పోవుచు తుమ్ము అపశకునమందురు. మాకు కలిగిన తుమ్ములు లెక్కింపగా వెనుకకు మఱలి ఊరు చేరుటయే గాక ఊరు దాటి పోవలసివచ్చెడిది. మా వారు కళ్లు తుడుచుకొనుటకై కళ్లజోడు తీసిరి. అది ఆటోలోనే మిగిలెనని దిగి ఆటో కనుమఱుగైన తరువాత తెలిసినది.

కృష్ణలో కాళ్లు కడిగికొని, స్వామిని సేవింప మెట్లెక్కితిమి. ఆవలిగట్టున పల్నాటి భూములు ఎండలో మెఱయుచున్నవి. అత్తగారు మెట్టు మెట్టునకు నిలుచుచు, చిన్నవాని చేయిపట్టుకొని, వేదములు పోయిన కథ చెప్పుచుండిరి. ఒక్క పేరు తప్పలేదు, ఒక్క సంగతి ముందు వెనుక కాలేదు. హుండీ చేరినపుడు కండక్టరుగారి రూపాయల సంగతి మేము మఱచితిమి. అత్తగారే జ్ఞాపకము చేసిరి. చిల్లరకై మా చేతిసంచిని తెఱచితిమి. ఆ సంచికి నాలుగు అఱలు. నాలుగవ అఱకు లోపల మఱియొక చిన్న అఱ. పాతాళమునకు దారి యదియే యని మా అమ్మాయి యనుచుండును. అందు చేయిపెట్టగా ఏదో మెత్తని గుడ్డ తగిలినది. పైకి తీయగా పసుపుగుడ్డ. అందు పదునొకండు రూపాయలు.

చదువరులారా, అప్పటికి మాకు అంతయు జ్ఞప్తికి వచ్చినది. సంక్రాంతికి ముందు సున్నములు వేయువారు వచ్చిన ఉదయము. ఒక చేత చీపురు, ఒక చేత ఫోను, పొయ్యిమీద పాలు. అత్తగారు ముడుపు తెచ్చి మా చేత నుంచి, "భద్రం అమ్మాయీ" అనిరి. భద్రముగనే దాచితిమి. ఇల్లంతయు వెదకితిమి, అందఱి పెట్టెలు వెదకితిమి, మా సంచి మాత్రము వెదకలేదు. ఆమె మఱచెనని అంత గట్టిగా నమ్మితిమి గనుక మేము మఱచియుందుమను తలంపే మాకు రాలేదు.

మాకు కన్నీరు వచ్చినది. "అత్తయ్యగారూ, మీరు నాకే ఇచ్చారు. నేనే..." అని అనబోవగా ఆమె ముడుపును కన్నులకద్దుకొని, "పోనీలేవే. బ్రహ్మదేవుడికే తప్పలేదు" అనిరి. పిమ్మట పాతముడుపును, క్రొత్తముడుపును రెండింటిని హుండీలో వైచి, "ఒకటి వాడి జ్వరానికి, ఒకటి నీ మతిమఱపుకు" అని నవ్విరి. ఇన్నాళ్ల తరువాత ఆమె నవ్వగా చూచితిమి. మా చిన్నవాడు మాత్రము, "అమ్మనూ డాక్టరు దగ్గరకు తీసుకుపోదామా నాన్నా?" యని గట్టిగా అడిగెను. వెనుక వరుసలోనివారందఱు మా వైపు చూచిరి.

తిరిగివచ్చుచు నదియొడ్డున కూర్చుండి మేమొక సంగతి యాలోచించితిమి. పోయి దొరకిన వేదములను మన పెద్దలు మరల పోకుండ ఎట్లు కాపాడిరి? పెట్టెలో దాచి కాదు. పద, క్రమ, జట, ఘనములను పాఠములు ఏర్పఱచి, మాటలను ముందునకు వెనుకకు, వెనుకకు ముందునకు తిప్పి తిప్పి వల్లించి, నోటినుండి చెవికి అప్పగించుచు నిలిపిరి. ఆ వేదపఠన సంప్రదాయమును 2003లో యునెస్కో మానవజాతి అమూల్యసంపదగా ప్రకటించినది. ఒక మాటనే పదిసార్లు చెప్పు మా అత్తగారిని మేము విసిగికొంటిమి. అదే పని చేయువారిని ఘనపాఠి యని శాలువ కప్పుదుము! ఒకవేళ వృద్ధులు ఒకే మాటను మరల మరల చెప్పుట, జాఱిపోవుచున్నదానిని పట్టి నిలుపుకొనుటకే నేమో.

సమీపమందలి జగ్గయ్యపేట సంగతియు మాకప్పుడు మనస్సున మెదలినది. ఆ యూరి పాతపేరు బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు తమ తండ్రి జగ్గన్నగారి జ్ఞాపకార్థము దానికి ఇప్పటి పేరిడిరి. ఒక జ్ఞాపకము నిలుపబోగా ఇంకొక పేరు మఱుగుపడినది. అక్కడి ధనబోడు మీద నున్న బౌద్ధస్తూపమును జనులు ఎన్నితరములో మఱచియుండిరి. 1882లో బర్జెస్ దొర దానిని పరిశీలించెను. అచ్చట దొరకిన మాంధాత చక్రవర్తి శిల్పము నేడు చెన్నపట్టణపు మ్యూజియములో నున్నది. స్తంభములపై క్రీస్తుశకము మూడవ శతాబ్దినాటి ఇక్ష్వాకు ప్రభువు వీరపురుషదత్తుని కాలపు శాసనము కలదు. సిద్ధార్థుడను శిల్పి అయిదు స్తంభములను దానము చేయుచు, తన తల్లిని, భార్యను, బిడ్డలను, తమ్ముని, ఆతని భార్యను, వారి బిడ్డలను పేరుపేరున చెక్కించెను. ఆతని యింటను కళ్లజోడు వంటివి ఏవో పోయియే యుండును, "ఏదీ?" యను కేకలు లేచియే యుండును. అవి యన్నియు పోయినవి. మనుష్యుల పేర్లు మాత్రము మిగిలినవి. ఎవ్వరిని మఱువరాదో ఆ శిల్పికి తెలియును.

ఆఱు మాసముల గడువు ఇంకను నిండలేదు. వైద్యుడు ఏమి చెప్పునో చూడవలసియున్నది. అంతవరకు మా యింట రెండు ఏర్పాట్లు చేసితిమి. తాళపుచెవులకు, మందులకు, కళ్లజోళ్లకు గుమ్మము ప్రక్క ఒక పళ్లెము. వాడిన ప్రతి వస్తువు దానిలోనే. వైద్యులును ఇట్టి నియతస్థానమే మేలని చెప్పుదురు. రెండవది, అత్తగారు ఏదైనను "నీకిచ్చాను" అన్నచో ముందు మా సంచి తెఱచి చూచుట. ఇంతవరకు మూడుసార్లు చూచితిమి. రెండుసార్లు ఆమె మాటయే నిజమైనది.

మూడవసారి ఏమి వెదకుటకు తెఱచితిమో మాకు జ్ఞప్తికి వచ్చుట లేదు.